రోగి చీటీ నుండి జన్యువు దాకా: ఈ చదువు మనకూ కావాలి

వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులం వచ్చిన ప్రతిసారీ, స్టేజీ మీద ఉపన్యాసాలు ముగిసి, వరండాలో అన్నం తినే వేళ తమ్ముళ్ళు మా చుట్టూ చేరి అడిగే ప్రశ్న ఒక్కటే. "డిగ్రీ అయిపోతోందన్నా, తర్వాత ఏం చేయమంటారు?" మేము చెప్పే జవాబులు కూడా ఏళ్ళ తరబడి అవే. బీఈడీ చేసి డీఎస్సీ రాయి. గ్రూప్స్‌కు కూర్చో. ఇంగ్లీషు కాస్త వస్తే ఎంసీఏ చేసి బెంగళూరు బస్సెక్కు. ఈ జవాబుల్లో తప్పేమీ లేదు. మాలో చాలామంది ఆ దారుల్లోనే నడిచి నాలుగు మెతుకులు తింటున్నాం.

అయితే ఈ మధ్య బీఎస్సీ లైఫ్ సైన్సెస్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కొందరు కొత్త ప్రశ్న తెచ్చారు. "మెడికల్ ఇన్ఫర్మాటిక్స్, బయోఇన్ఫర్మాటిక్స్ అని పీజీ ఉందంట కదన్నా, చేరొచ్చా? చేరితే ఉద్యోగం వస్తుందా?" ఆ రోజు మాలో ఒకరు చేరమన్నారు, ఇంకొకరు వద్దన్నారు, మూడోవారు ఆ పేరే వినలేదన్నారు. పెద్దలమనిపించుకున్న మేము ఒక్క మాట మీద నిలబడలేకపోవడం మాకే సిగ్గనిపించింది. అందుకే కూర్చుని, మాట్లాడుకుని, మా అభిప్రాయాన్ని ఈ సంచికలో రాస్తున్నాం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లోని పేద పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్న మాటలివి.

ఇంతకీ ఏమిటీ చదువు?

ఒక ముసలమ్మను ఊహించుకుందాం. కుప్పం దగ్గరి పల్లె ఆమెది. ఆయాసమని ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయింది. అక్కడొక చీటీ రాశారు. తగ్గలేదు. ఏరియా ఆసుపత్రికి పోయింది, అక్కడ ఇంకో చీటీ. ఆ తర్వాత మెడికల్ కాలేజీ ఆసుపత్రి, అదీ కాకపోతే వేలూరో బెంగళూరో. పోయిన ప్రతిచోటా "ముందు ఏం మందులు వాడావమ్మా?" అని అడుగుతారు. ఆమె చీర కొంగులో కట్టుకున్న చీటీ వానకు తడిసిపోయి ఉంటుంది. మళ్ళీ రక్తపరీక్ష, మళ్ళీ ఎక్స్‌రే, మళ్ళీ ఖర్చు. ఆ చీటీలోని సంగతి ఒక ఆసుపత్రి నుండి ఇంకొక ఆసుపత్రికి చెడిపోకుండా, తప్పు పోకుండా, పరాయివాళ్ళ చేతిలో పడకుండా చేరేలా చూసే శాస్త్రమే మెడికల్ ఇన్ఫర్మాటిక్స్. జబ్బుల పేర్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చే ఐసీడీ సంకేతాలు, స్కానింగ్ బొమ్మలు దాచే డైకామ్ పద్ధతి, ఒక ఆసుపత్రి కంప్యూటర్ మరో ఆసుపత్రి కంప్యూటర్‌తో మాట్లాడేందుకు హెచ్ఎల్7 అనే ప్రమాణాలు, ఇవన్నీ అందులోని పాఠాలు.

బయోఇన్ఫర్మాటిక్స్ దాని చెల్లెలు. అది మనిషి చేతిలోని చీటీని వదిలి మనిషి కణంలో ఉన్న చీటీని చదువుతుంది. మన డీఎన్ఏ నాలుగు అక్షరాలతో రాసిన పుస్తకం. ఏ, టీ, జీ, సీ. మనిషి జన్యుపటంలో ఆ అక్షరాల జతలు సుమారు 300 కోట్లు. 1990లో మొదలైన మానవ జన్యుపట పథకం 2003లో ముగిసింది. అన్ని అక్షరాలను కంటితో చదివి, ఇద్దరు మనుషుల మధ్య తేడా ఎక్కడుందో చేత్తో వెతకడం ఎవరి తరమూ కాదు. అందుకు కంప్యూటర్, గణాంకశాస్త్రం, జీవశాస్త్రం మూడూ కలవాలి. మన దేశం ఈ విషయంలో వెనకబడిందేమీ కాదు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 1980ల చివర్లోనే విశ్వవిద్యాలయాల్లో బయోఇన్ఫర్మాటిక్స్ కేంద్రాలను కలుపుతూ జాతీయ వ్యవస్థ ఏర్పాటు చేసింది. అంతకు ముందే, 1963లో, మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్.రామచంద్రన్, ఆయన సహచరులు ప్రోటీన్ల ఆకారాన్ని లెక్కగట్టే పటాన్ని తయారుచేశారు. ఇప్పటికీ ప్రపంచమంతా ఆయన పేరుతోనే దాన్ని పాఠంగా చెబుతారు.

ఈ రెండింటినీ కలిపి చెప్పే పీజీ కోర్సులు విదేశాల్లో చాలా ఉన్నాయి. వాటిలో వృత్తి పీజీ అనేది ఒక రకం. మామూలు ఎమ్మెస్సీలో పరిశోధనా గ్రంథం ముఖ్యం. వృత్తి పీజీలో తరగతి పాఠంతో పాటు ఆసుపత్రిలోనో సంస్థలోనో కొన్ని నెలలు పని నేర్చుకోవడం ముఖ్యం. చదువు చివర చేతికి పట్టా ఒక్కటే కాకుండా పని కూడా వచ్చి ఉండాలన్నది దాని ఉద్దేశం. మన పిల్లలకు కావలసింది ఇలాంటి చదువేనని మా అభిప్రాయం. రెండేళ్ళు చదివి ఖాళీగా ఇంటికి తిరిగి వచ్చే స్థోమత మన తల్లిదండ్రులకు లేదు.

ఇది మన ఊళ్ళకు కొత్త కాదు

ఇంత పెద్ద పేర్లు వినగానే "ఇది అమెరికా వ్యవహారం, మనకెందుకులే" అనుకునే తమ్ముళ్ళున్నారు. వారికి మన మూడు ఊళ్ళనే చూపిస్తాం.

ముందు మదనపల్లె. ఊరి పక్కనే ఆరోగ్యవరం. 1915లో అక్కడ క్షయ రోగుల కోసం శానిటోరియం ప్రారంభమైంది. డెన్మార్కు నుండి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ అనే వైద్యుడు దాన్ని పెంచి పెద్దచేశాడు. 1950 నుండి 1955 దాకా అక్కడి వైద్య బృందం మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో క్షయ మీద సర్వే జరిపింది. ఇంటింటికీ పోయి జనాభా లెక్క తీశారు. ఎక్స్‌రేలు తీశారు, చర్మ పరీక్షలు చేశారు. ఎవరికి జబ్బు వచ్చింది, ఎవరికి తగ్గింది అని ఏళ్ళ తరబడి నమోదు చేశారు. ఆ ఫలితాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయ్యాయి. దక్షిణ భారత పల్లెల్లో క్షయ ఎలా పాకుతుందో ప్రపంచం తెలుసుకున్నది మన మదనపల్లె పల్లెల లెక్కల ద్వారా కూడా. కంప్యూటర్ మన ఊరి మొగం చూడకముందే కాగితాల మీద జరిగిన మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ అది. ఈ రోజు ప్రతి క్షయ రోగి వివరమూ 'నిక్షయ్' అనే ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలో నమోదవుతోంది. 2012లో మొదలైన ఆ వ్యవస్థకూ, ఆనాటి ఆరోగ్యవరం రిజిస్టర్లకూ మూలసూత్రం ఒక్కటే. మనిషిని లెక్కలోంచి జారిపోనివ్వకూడదు.

అదే మదనపల్లెలో టమాటా మార్కెట్టు ఉంది. మన అమ్మానాన్నలు ఎందరో ఆ టమాటా తోటల్లో కూలికి పోయినవాళ్ళే. టమాటా జన్యుపటాన్ని 2012లో పలు దేశాల శాస్త్రవేత్తలు కలిసి పూర్తి చేశారు. అందులో భారతదేశం కూడా భాగస్వామి. ఆకుముడత తెగులును తట్టుకునే రకం ఏ జన్యువు వల్ల వస్తుందో వెతికేది కూడా బయోఇన్ఫర్మాటిక్స్ వాళ్ళే.

ఇక పుంగనూరు. మూడడుగులకు కాస్త అటూ ఇటూ ఉండే పుంగనూరు ఆవు పేరు దేశమంతా తెలుసు. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఆ జాతిని కాపాడుతున్నారు. ఆవుల జన్యుపటం 2009లో వెలువడింది. ఇంత పొట్టిగా ఉండడానికి, తక్కువ మేతతో బతకడానికి, పాలలో వెన్న ఎక్కువ ఉండడానికి దాని జన్యువుల్లో ఏముందో తెలిస్తే, సంకరం పేరుతో ఆ జాతి కలగాపులగం కాకుండా నిలబెట్టుకోవచ్చు. పుంగనూరు పేరు చెప్పుకునే ఆవు జన్యువును ఎక్కడో దూరదేశపు విద్యార్థి చదువుతాడు. పుంగనూరు హాస్టల్ విద్యార్థి ఎందుకు చదవకూడదు?

చివరగా కుప్పం. 2002లో హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పం ఐ-కమ్యూనిటీ అనే మూడేళ్ళ పథకం మొదలుపెట్టాయి. పల్లెల్లో కంప్యూటర్ కేంద్రాలు వెలిశాయి. పొదుపు సంఘాల ఆడవాళ్ళకు కెమెరాలు, ప్రింటర్లు ఇచ్చి ఫోటోలు తీయడం నేర్పారు. మాలో కొందరు మొదటిసారి మౌసు పట్టుకున్నది ఆ రోజుల్లోనే. గడువు తీరాక ఆ సందడి తగ్గిపోయింది. 2025లో అదే కుప్పం ఏరియా ఆసుపత్రిలో టాటా వారి డిజిటల్ నర్వ్ సెంటర్ వచ్చింది. పల్లె ఆరోగ్య కేంద్రాలను ఆసుపత్రితో కలిపి, రోగి వివరాలను కంప్యూటర్లో ఉంచి, దూరాన ఉన్న నిపుణుల సలహా ఇప్పించడం దాని పని. కుప్పంలో మెడికల్ కాలేజీ ఉంది. 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. అందులో గణన భాషాశాస్త్రం చదువుకునే విభాగం కూడా ఉంది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ మాట్లాడే జనం ఉన్నారు.

ఇక్కడే మా అసలు బాధ. యంత్రం మన ఊరికి వస్తోంది. దాని ముందు కూర్చుని అక్షరాలు కొట్టే పని మన పిల్లలకు దొరుకుతోంది. ఆ యంత్రంలో ఏం ఉండాలి, ఏం అడగాలి, ఎవరికి చూపాలి అని నిర్ణయించే కుర్చీల్లో మాత్రం మనవాళ్ళు కనపడడం లేదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు ఆరోగ్యమిత్రలుగా మన వాళ్ళు ఎందరో చేరారు. రోగిని చేయి పట్టుకుని తీసుకుపోయి, కార్డు చూసి, వివరాలు ఎక్కించారు. ఎంతో గొప్ప సేవ అది. కానీ ఏ జబ్బుకు ఎంత ప్యాకేజీ, ఏ వివరం లేకపోతే తిప్పి పంపాలి అన్నది పైనెక్కడో తేలేది. డేటా ఎంట్రీ దగ్గరే మన తరం ఆగిపోకూడదనే ఈ వ్యాసం రాస్తున్నాం.

మనవాళ్ళు లేకపోతే ఏం నష్టం?

"ఎవరు చేస్తే ఏంటన్నా, పని జరిగితే చాలు కదా" అని ఒక తమ్ముడు అడిగాడు. ఆ ప్రశ్నకు రెండు ఉదాహరణలతో జవాబు చెబుతాం.

మొదటిది భాష. మన అవ్వ డాక్టరు దగ్గర "నెమ్ము చేసింది నాయనా" అంటుంది. "ఒళ్ళంతా తీపులు" అంటుంది. "గుండెల్లో దడ" అంటుంది. కుప్పం పక్క పల్లెల్లో ఇవే మాటలు తమిళంలోనో కన్నడంలోనో వస్తాయి. కంప్యూటర్లో ఆ మాటకు సరైన గడి లేకపోతే ఎక్కించేవాడు చేతికందిన గడిలో కొడతాడు. అలా వెయ్యి మందివి తప్పుగా పడితే ఆ మండలంలో ఏ జబ్బు ఎక్కువుందో ప్రభుత్వానికి తప్పు లెక్క పోతుంది. మందులు కూడా ఆ తప్పు లెక్క ప్రకారమే వస్తాయి. ఆ అవ్వ మాట తెలిసినవాడే ఆ గడి తయారు చేయాలి.

రెండోది జన్యువు. మన దేశంలో తరతరాలుగా ఒకే కులంలో, మన దిక్కు మేనరికాల్లో పెళ్ళిళ్ళు జరగడం వల్ల ఒక్కో కులంలో కొన్ని జన్యుమార్పులు గూడు కట్టుకుని ఉంటాయి. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి చేసిన అధ్యయనాలు 2009లో, 2017లో ఈ విషయాన్ని బలంగా చెప్పాయి. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేటప్పుడు కండరాలను సడలించడానికి వాడే ఒక మందు ఆర్యవైశ్యులలో కొందరికి మామూలు కంటే చాలాసేపు పనిచేసి ప్రమాదం తెస్తుంది. కారణం ఒక జన్యుమార్పు. ఆ సంగతి తెలిసింది కాబట్టి డాక్టర్లు ముందే జాగ్రత్త పడగలుగుతున్నారు. మరి మన దళిత కులాల్లో, ఎరుకల, యానాది, సుగాలి జనంలో ఎలాంటి మార్పులున్నాయి? వెతికితేనే కదా తెలిసేది. దేశవ్యాప్తంగా 10 వేల మంది జన్యుపటాలను చదివిన జీనోమ్ ఇండియా పథకం సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఆ సమాచారాన్ని చదివేవాళ్ళలో మన పిల్లలు ఉంటే మన ప్రశ్నలు అడుగుతారు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. రక్తం ఇచ్చే మనిషికి ఎందుకు తీసుకుంటున్నారో అర్థమయ్యే భాషలో చెప్పి, ఒప్పుకున్నాకే తీసుకోవాలి. వేలిముద్ర వేయించుకుంటే సరిపోదు. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. 14 అంకెల ఆభా నంబరు ఇప్పుడు పల్లెల్లోనూ ఇస్తున్నారు. ఒక మనిషికి క్షయ ఉందనో, హెచ్ఐవీ ఉందనో, గర్భం పోయిందనో బయటపడితే పల్లెలో ఆ కుటుంబం గతి ఏమవుతుందో మనకు తెలిసినంతగా పెద్ద ఊళ్ళో చల్లని గదిలో కూర్చున్న ఇంజనీరుకు తెలియదు. వెలి అంటే ఏమిటో అనుభవించిన జాతి పిల్లలు ఈ రంగంలో ఉంటే రహస్యం విలువ తెలిసి పనిచేస్తారు.

పేరు చూసి మోసపోవద్దు

ఇంత పొగిడాక చేదు నిజం కూడా చెప్పకపోతే మేము పెద్దలం కాము. 2000 తర్వాత కొన్నేళ్ళు బయోఇన్ఫర్మాటిక్స్ అనే మాట మన రాష్ట్రంలో మంత్రంలా పనిచేసింది. ఐటీ, బీటీ రెండూ కలిసిన కోర్సు, సీటు దొరికితే జీవితం స్థిరపడినట్టేనని ప్రచారం జరిగింది. మాలో ఒకడు ఆ మాట నమ్మి ఒక ప్రైవేటు కాలేజీలో పీజీలో చేరాడు. ఆ కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. కంప్యూటర్ ల్యాబుకు తాళం ఉండేది. తాళం తీసిన రోజు ఇంటర్నెట్టు ఉండేది కాదు. జీవశాస్త్రం చెప్పే సారుకు ప్రోగ్రామింగ్ రాదు, ప్రోగ్రామింగ్ చెప్పే సారుకు జీవశాస్త్రం రాదు. ఇద్దరూ నోట్సు చెప్పి రాయించేవారు. రెండేళ్ళ తర్వాత చేతికి ఫస్ట్ క్లాసు పట్టా వచ్చింది, ఇంటర్వ్యూలో నాలుగు లైన్ల ప్రోగ్రాము రాయమంటే చేయి ఆడలేదు. చివరికి చెన్నైలో మెడికల్ కోడింగ్ పనిలో చేరి, రాత్రి షిఫ్టుల్లో అమెరికా రోగుల చీటీలకు సంకేతాలు వేస్తూ బతుకు వెళ్ళదీశాడు. ఆ పని తక్కువదని మేమనడం లేదు. దానికి రెండేళ్ళ పీజీ, అమ్మ మెడలోని పుస్తెల తాకట్టు అవసరం లేదంటున్నాం. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే.

ఇప్పుడు ఆ కోడింగ్ పనిని కూడా కృత్రిమ మేధ చేసేస్తోంది. సంకేతం వేయడం మాత్రమే వచ్చినవాడికి ముందు ముందు కష్టకాలమే. ఆ యంత్రం వేసిన సంకేతం తప్పో ఒప్పో చెప్పగలిగినవాడికి మాత్రం విలువ పెరుగుతుంది. కాబట్టి ఈ చదువులోకి వచ్చేవాళ్ళు లోతుగా రావాలి.

అందుకే ఏ కాలేజీలో చేరేముందైనా ఈ ప్రశ్నలు అడగండి. సిగ్గుపడొద్దు.

ఆ కోర్సుకు విశ్వవిద్యాలయ అనుమతి ఉందా? సొంత అధ్యాపకులు ఎంతమంది? రోజుకు ఎన్ని గంటలు కంప్యూటర్ మీద పని చేయనిస్తారు? పైథాన్, ఆర్, లినక్స్, గణాంకశాస్త్రం పాఠ్యప్రణాళికలో ఉన్నాయా? ఆసుపత్రిలోనో పరిశోధన సంస్థలోనో ఎన్ని నెలలు పనికి పంపుతారు? కిందటి రెండు బ్యాచుల వాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు? వాళ్ళలో ఇద్దరితో మాట్లాడిస్తారా? చివరి ప్రశ్నకు తడబడే కాలేజీ గేటు దాటి వెంటనే బయటకు రండి.

మంచి చోట్లు లేకపోలేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో గణన జీవశాస్త్రానికి ప్రత్యేక విభాగం ఉంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాదులో బయోఇన్ఫర్మాటిక్స్ పరిశోధన కేంద్రం ఉంది. పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ఈ రంగంలో పాత చిరునామా. తిరుపతి స్విమ్స్‌లో బయోఇన్ఫర్మాటిక్స్ విభాగం ఉంది. బెంగళూరులో ఐబాబ్ అనే సంస్థ దీనికోసమే పుట్టింది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో సీయూఈటీ పీజీ పరీక్ష ద్వారా ప్రవేశం, ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉన్నాయి. ప్రైవేటు కాలేజీ ఏజెంటు ఇంటికొచ్చి కూర్చునేలోపు ఈ పరీక్షకు దరఖాస్తు పెట్టుకోండి.

డబ్బు మాట

మన చదువులన్నీ చివరికి డబ్బు దగ్గరే ఆగుతాయి. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్ళకు ఫీజు రీయింబర్స్‌మెంటు ఆపేసింది. మదనపల్లెలో, కుప్పంలో డిగ్రీతోనే చదువు ముగించుకున్న ఎందరి ఇళ్ళలోనో ఆ జీవో నంబరు ఇప్పటికీ గుర్తుంది. విద్యార్థి సంఘాలు దాని మీద పోరాటాలు చేశాయి. మా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాం. చదువు ఆపడం ద్వారా పొదుపు చేసిన రూపాయి పొదుపు కాదు. ఇంజనీరింగుకు ఇచ్చే ప్రభుత్వం ఆరోగ్య సమాచార శాస్త్రంలాంటి వృత్తి పీజీకి ఇవ్వకపోవడానికి న్యాయమైన కారణం మాకు కనపడదు. తమ్ముళ్ళకు మాత్రం ఒక్క జాగ్రత్త చెబుతాం. "రీయింబర్స్‌మెంటు వస్తుందిలే" అన్న నోటిమాట నమ్మి చేరొద్దు. సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగి, మీ కోర్సుకు, మీ కాలేజీకి వర్తిస్తుందో లేదో ఆ ఏడాది ఉత్తర్వులు చూసుకుని చేరండి.

విదేశాలకు పోవాలనుకునేవాళ్ళకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే జాతీయ విదేశీ విద్యా ఉపకార వేతనం ఉంది. 1950ల నుండి ఉన్న ఈ పథకం సంగతి మన హాస్టళ్ళలో వందలో ఇద్దరికైనా తెలుసా అని మా అనుమానం. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపు ఉన్న ఎస్సీ విద్యార్థులు మాస్టర్స్‌కు, పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకోవచ్చు. దేశం మొత్తానికి సీట్లు నూట పాతిక. పోటీ ఎక్కువే. కానీ దరఖాస్తే పెట్టనివాడికి పోటీ ఎక్కడిది? బ్యాంకు అప్పు తెచ్చి, ఉన్న అరెకరం తాకట్టు పెట్టి, పేరూ ఊరూ తెలియని విదేశీ కాలేజీలో చేరడానికి మాత్రం మేము ఒప్పుకోము.

మేము అడిగేది ఇదీ

మా కోరిక పెద్దదే. ఆరోగ్య సమాచార శాస్త్రం, బయోఇన్ఫర్మాటిక్స్ కలిసిన రెండేళ్ళ వృత్తి పీజీ మన పడమటి మండలాల్లోనే ప్రభుత్వ ఆధ్వర్యంలో మొదలుపెట్టాలి. ద్రావిడ విశ్వవిద్యాలయం పట్టా ఇవ్వవచ్చు. కుప్పంలోని ఆసుపత్రులు పని నేర్పే చోట్లు కావచ్చు. మదనపల్లెలోని ఇంజనీరింగ్ కళాశాల అధ్యాపకులు కంప్యూటర్ పాఠాలు చెప్పవచ్చు. ఆరోగ్యవరం వైద్య కేంద్రంలో క్షయ చరిత్ర పాఠంగా వినిపించవచ్చు. పలమనేరు కేంద్రంలో పుంగనూరు ఆవు మీద ప్రాజెక్టు చేయించవచ్చు. ఇటుకలన్నీ మన దగ్గరే ఉన్నాయి. గోడ కట్టే సంకల్పమే రావాలి.

"ఇంత వెనకబడిన ప్రాంతంలో ఇంత పెద్ద కోర్సా? ముందు మంచినీళ్ళు, బస్సులు చూడండి" అనేవారుంటారు. మంచినీళ్ళూ కావాలి. అయితే ఛత్తీస్‌గఢ్‌లోని గనియారి అనే పల్లెలో జన స్వాస్థ్య సహయోగ్ అనే ఆసుపత్రి ఉంది. అడవి బిడ్డలకు వైద్యం చేసే ఆ చోటే 'బామ్ని' అనే ఉచిత ఆసుపత్రి సాఫ్ట్‌వేరు మొదట వాడుకలోకి వచ్చింది. తర్వాత అది ఇతర దేశాల ఆసుపత్రులకూ పాకింది. దానికి పునాదిగా ఉన్న ఓపెన్ఎంఆర్ఎస్ 2004లో ఆఫ్రికా పేద రోగుల అవసరం కోసం పుట్టింది. పేదల ఆసుపత్రిలో పుట్టిన పరికరం ప్రపంచానికి పనికొచ్చింది. వెనకబడిన చోట ఈ చదువు కుదరదన్న మాట నిలవదు.

రెండు షరతులు కూడా పెడుతున్నాం. కోర్సు పెడితే సీట్లలో రిజర్వేషన్ పక్కాగా అమలు కావాలి, హాస్టలు కూడా ఉండాలి. తెలుగు మీడియంలో డిగ్రీ చేసిన పిల్లల కోసం మొదటి మూడు నెలలు ఇంగ్లీషు, లెక్కలు విడిగా చెప్పాలి. ఇవి లేకుండా పెట్టిన కోర్సు మన ఊళ్ళో ఉన్నా మనది కాదు.

హాస్టల్లో ఈ రోజే మొదలుపెట్టండి

ప్రభుత్వం వినేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. ఇంటర్లో బైపీసీ తీసుకున్న పిల్లలు లెక్కలతో సంబంధం తెగిపోయిందని సంబరపడతారు. ఈ రంగంలో ఆ సంబరమే శాపమవుతుంది. పదో తరగతి లెక్కల పుస్తకం పారేయకండి. సరాసరి, శాతం, సంభావ్యత మళ్ళీ చేయండి. ఎంపీసీ తమ్ముళ్ళు పక్క మంచం వాడి జువాలజీ పుస్తకంలో కణం, జన్యువు పాఠాలు చదవండి. మీరిద్దరూ ఒకరికొకరు చెప్పుకుంటే అదే మొదటి బయోఇన్ఫర్మాటిక్స్ తరగతి.

డిగ్రీలో ఉన్నవాళ్ళకు ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. బయోఇన్ఫర్మాటిక్స్ మీదా ఉన్నాయి. అమెరికా ప్రభుత్వ ఎన్‌సీబీఐ జన్యు భాండాగారం ఎవరైనా తెరిచి చూడవచ్చు, పైసా ఖర్చు లేదు. 1992-93 నుండి జరుగుతున్న జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల నివేదికల్లో ఎస్సీ, ఎస్టీల రక్తహీనత, శిశుమరణాల లెక్కలు విడిగా ఉంటాయి. వాటిని చదివి, మన జనం ఆరోగ్యం మీద రెండు పేజీలు రాసి వచ్చే ఏడు సంచికకు పంపండి. బాగా రాసినవాటిని మేమే అచ్చు వేయిస్తాం.

వార్డెన్ గార్లకు, సంక్షేమ శాఖ అధికారులకు ఒక మనవి. మూలగదిలో గుడ్డ కప్పి పెట్టిన కంప్యూటర్లను బయటకు తీయించండి. దుమ్ము పట్టి చెడిపోవడం కంటే పిల్లల చేతిలో చెడిపోవడం మేలు. పూర్వ విద్యార్థులారా, మీకూ ఒక మాట. వార్షికోత్సవానికి శాలువాలు, దండలు తగ్గించుకుందాం. ఆ డబ్బుతో ఏటా ఇద్దరు పిల్లల పీజీ ప్రవేశ పరీక్షల ఫీజు, రాను పోను ఛార్జీలు కడదాం.

బాబాసాహెబ్ అంబేద్కర్ 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో కొలంబియా విశ్వవిద్యాలయానికి చేరారు. ఆర్థికశాస్త్రం చదివారు, లెక్కలతో మాట్లాడారు. గోలమేజా బల్ల దగ్గరైనా రాజ్యాంగ సభలోనైనా ఆయన మాటకు బలం ఆ చదువే. ఆ రోజు ఉపకార వేతనం అనే చిన్న తలుపు తెరుచుకోకపోతే మన హాస్టళ్ళు ఉండేవా అని ఆలోచించండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆరోగ్యవరం రిజిస్టర్లలో మన తాతల పేర్లు రోగులుగా ఎక్కి ఉంటాయి. ఆరోగ్యశ్రీ కంప్యూటర్లలో మన అమ్మానాన్నల పేర్లు లబ్ధిదారులుగా ఎక్కాయి. ఆ రిజిస్టర్లు రాసేవాళ్ళుగా, ఆ లెక్కలు చదివి నిజం చెప్పేవాళ్ళుగా మీ పేర్లు ఎక్కాలని మా ఆశ. వచ్చే వార్షికోత్సవానికి వరండాలో మళ్ళీ కలుద్దాం. ఈసారి "ఏం చేయమంటారన్నా" అని కాకుండా "ఫలానా చోట సీటొచ్చిందన్నా" అని మీరే చెప్పాలి.

జై భీమ్.